బుజ్జి ఎదకొచ్చింది, బ్రూనో అన్నం ముట్టడం లేదు: ఈ 28 రోజులు ఎలా గడపాలి?

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయనగరం కంటోన్మెంట్ వైపు అద్దె ఇల్లు, రెండు గదులు, వెనక చిన్న పెరడు, పైన మేడ. మూడేళ్ల లాబ్రడార్ మగకుక్క బ్రూనో, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు. పది నెలల నాటు ఆడకుక్క బుజ్జి, నిన్న పొద్దున్న గచ్చు మీద రక్తపు చుక్కలు చూశారు. రాత్రి నుంచి బ్రూనో తలుపు గీరుతూ ఏడుస్తున్నాడు, అన్నం ముట్టలేదు. డైపర్ వేస్తే సరిపోతుందా, కళ్లెదుట ఉంచుకుని ఇద్దర్నీ కలిపి తిప్పొచ్చా, ఎద ఆగడానికి ఇంజెక్షన్ వేయించాలా, మీ అత్తగారన్నట్టు ఒక ఈత అయ్యాకే ఆపరేషన్ చేయించాలా అని అడిగారు. పండక్కి చుట్టాలు వస్తున్నారని కూడా రాశారు. అసలు భయం నాకు అక్కడే ఉంది.

నేను పశువుల ఆసుపత్రుల్లో అసిస్టెంటుగా టెక్కలి, పలాస, నరసన్నపేట చుట్టుపక్కల పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో 30 ఏళ్లుగా కుక్కలున్నాయి. మందుల సంగతి డాక్టరు బుజ్జిని చూసి చెప్పాలి. ఇంట్లో కాపలా సంగతి మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

వీలైతే రేపటికల్లా బ్రూనోని వేరే ఇంటికి పంపేయండి. నాలుగు వారాలు. అన్నగారిల్లో, స్నేహితుడి ఇల్లో, కుక్కల్ని ఉంచుకునే బోర్డింగో, ఏదైనా సరే. ఆడదాన్ని పంపేద్దామని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎదలో ఉన్న కుక్క ఏ వీధికి వెళితే ఆ వీధి మగకుక్కలన్నీ ఆ గుమ్మం ముందే చేరతాయి, మన తలనొప్పి తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన పెట్టినట్టవుతుంది. పైగా ఆ పిల్లకి ఇది మొదటి ఎద, తనకేమవుతోందో తనకే తెలీదు, అలవాటైన చోటే ఉండనివ్వండి. బ్రూనోతో పాత దుప్పటి పంపకండి, దానికి బుజ్జి వాసన ఉంటుంది. ఉతికిందో కొత్తదో పంపండి.

పంపడం కుదరకపోతే, ఇద్దరి మధ్య ఎప్పుడూ రెండు తలుపులు మూసి ఉండాలి. ఒకటి కాదు, రెండు. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసే ఉండాలి. కళ్లెదుట ఉంచుకుంటానన్నారు కదా, మనిషి కళ్లు ఈ కాపలా కాయలేవు. కూరగాయల బండి వస్తుంది, ఫోను మోగుతుంది, పాలు పొంగుతాయి. జత కట్టడానికి వాళ్లకి నిమిషం చాలు.

ఇది నేను తిని నేర్చుకున్న దెబ్బ. మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చేనాటికి మా ఇంట్లో చుక్క, భీముడు అని ఒకే ఈత పిల్లలు రెండున్నాయి. చుక్క ఎదలో 12వ రోజు. దాన్ని లోపలి గదిలో, వాణ్ణి పశువుల సాలలో, మధ్యలో రెండు తలుపులు పెట్టి బాగానే నెట్టుకొస్తున్నాను. పదో తారీఖు రాత్రి గాలి మొదలైంది. తెల్లవారుజామున సాల మీద రేకులు లేచిపోయాయి. పెరట్లో కొబ్బరిచెట్లు విరుగుతుంటే ఆ చప్పుడుకి దూడ తాడు తెంపుకుంది. గట్టి శ్లాబు ఉన్నది ఒక్క గదే. దూడని, పక్కింటి ఇద్దరు పిల్లల్ని, మా అమ్మని, రెండు కుక్కల్ని అందులోకే చేర్చాం. ఒక మూల చుక్కని కట్టాను, భీముడి తాడు నా చేతికి చుట్టుకున్నాను. గాలికి తలుపు గడియ ఊడివచ్చేలా ఉంటే రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చింది. తాడు వదిలాను. మా అమ్మ చీకట్లోంచి "ఒరే, ఆ కుక్కల్ని సూడరా" అని అరిచేసరికే అయిపోయింది. అరచేతిలో తాడు ఒరుసుకుపోయిన మంట ఒక పక్క, టార్చి వెలుగులో ఆ రెండింటినీ కదలకుండా పట్టుకుని 20 నిమిషాలు కూర్చున్నాను.

డిసెంబరు రెండో వారంలో చుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. అందులో రెంటికి అంగిలి చీలి ఉంది. పాలు తాగుతుంటే ముక్కు రంధ్రాల్లోంచి తెల్లగా బుడగలు వచ్చేవి. సిరంజితో పట్టినా నిలవలేదు, మూడో రోజుకి రెండూ పోయాయి. ఒకే తల్లి పిల్లలు జత కడితే ఇలాంటి లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. కుక్కలకి అన్నాచెల్లెళ్లు, తల్లీకొడుకులు అన్న వరస ఉండదు, ఆపాల్సింది మనమే. తుపాను వల్ల జరిగిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. రెండు రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. అప్పుడే భీముణ్ణి నరసన్నపేటలో మా తమ్ముడి ఇంట్లో దింపేసి రావాల్సింది, రేపు చూద్దాం అనుకున్నాను.

ఇక రోజుల లెక్క. దీని దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. మొదటి రక్తపు చుక్క కనిపించిన రోజుని గోడ క్యాలెండరు మీద గుండ్రం చుట్టి ఒకటి అని రాయండి. అయితే శుభ్రంగా ఉండే ఆడకుక్కలు తమని తాము నాకేసుకుంటాయి, కాబట్టి మీరు నిన్న చూసింది నిజానికి మూడో రోజో నాలుగో రోజో కావచ్చు. పొద్దునా సాయంత్రం తెల్లటి దూదితో గానీ టిష్యూతో గానీ మెల్లగా అద్ది రంగు చూడండి. మొదటి వారం, తొమ్మిది రోజులు ఎర్రగా ఉంటుంది, మానం బాగా వాచి గట్టిగా ఉంటుంది. ఈ రోజుల్లో మగకుక్క వెంటపడితే ఆడకుక్క తోక ముడుచుకుని కింద కూర్చుంటుంది, లేదా తిరగబడి కరుస్తుంది. అది చూసి "మా బుజ్జికి ఇష్టం లేదు, ఫరవాలేదు" అనుకుంటారు. తర్వాత రంగు పలచబడి ఎండుగడ్డి కడిగిన నీళ్లలా అవుతుంది, వాపు కాస్త మెత్తబడుతుంది. రక్తం ఆగింది కదా, ఎద అయిపోయిందని తలుపు తీస్తారు. అసలు ప్రమాదం మొదలయ్యేదే అప్పుడు. తోక మొదట్లో వేలితో రుద్ది చూడండి, తోక పక్కకి తిప్పి కాళ్లు బిగించి నిలబడిందంటే సిద్ధంగా ఉందన్నమాట. నిన్నటిదాకా కరిచిన పిల్లే ఇవాళ తనంతట తాను వెనక్కి తిరిగి నిలబడుతుంది.

చాలా కుక్కల్లో ఇది 9వ రోజు నుంచి 15వ రోజు మధ్య ఉంటుంది. కానీ ఐదారు రోజులకే ఒప్పుకున్నవాటినీ చూశాను, 20 దాటినా ఒప్పుకున్నవాటినీ చూశాను. మొదటి ఎదలో లెక్క ఇంకా తప్పుతుంది. పైగా మగకుక్క వీర్యం ఆడదాని ఒంట్లో ఐదు నుంచి ఏడు రోజుల దాకా బతికి ఉంటుంది, అండం తర్వాత విడుదలైనా సరే చూలు నిలుస్తుంది. ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడానికి కూడా ఇదే కారణం. అందుకే 9 నుంచి 15 అని కాకుండా, ఒకటో రోజు నుంచి 28 దాకా ఒకే కట్టుబాటు పెట్టమంటున్నాను. రక్తం లేదు, వాపు పూర్తిగా పోయింది, 28 దాటింది, మూడూ కలిసినప్పుడే తలుపు తీయండి.

మీరు చెప్పిన తేదీ నుంచి లెక్కేస్తే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి బుజ్జికి పదకొండో రోజో పన్నెండో రోజో అవుతుంది. దసరా తర్వాత మంగళవారం మీ ఊళ్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. పల్లెల నుంచి చుట్టాలు, మూడు లాంతర్ల దాకా జనం, ఇంట్లో పదిమంది పిల్లలు. పిల్లలు తలుపులు తీస్తారు, మూయరు. ఆ వారం బ్రూనో ఇంట్లో ఉండకూడదు. నా మాటల్లో ఒక్కటే వింటానంటే ఇది వినండి. మన పెద్దలు చిత్త కార్తె కుక్కలని ఊరికే అనలేదు. దాదాపు అక్టోబరు 10 నుంచి 23 దాకా ఉండే ఆ కార్తె చుట్టుపక్కలే వీధికుక్కలు ఎక్కువగా ఎదకొస్తాయి. మీ బుజ్జి ఒక్కతే కాదు, ఆ రోజుల్లో వీధంతా అదే గొడవ.

డైపర్ గురించి అడిగారు. అది గచ్చు, పరుపు పాడవకుండా వాడే గుడ్డ, అంతే. మగకుక్క దాన్ని పళ్లతో చింపి పక్కన పడేస్తుంది. వేస్తే నాలుగైదు గంటలకోసారి మార్చండి, రాత్రి తీసేయండి, మన ఉక్కపోతకి తొడల దగ్గర ఒరుపు పుడుతుంది. ఇనప గ్రిల్లు తలుపుని కూడా నమ్మకండి. ఊచల సందులోంచే జత కట్టినవి ఉన్నాయి. గ్రిల్లు ఉంటే దానికి ప్లైవుడ్ ముక్క బిగించండి. పెరటి గోడ నాలుగడుగులని రాశారు, అది లాబ్రడారుకి అడ్డే కాదు. వీధికుక్కలైతే కింద మట్టి తవ్వి దూరతాయి. ఈ నెల పెరట్లోకి ఒంటరిగా వదలొద్దు.

బుజ్జిని మేడ మీదే మలమూత్రాలకి తీసుకెళ్లండి, మెడపట్టీకి తాడు వేసే తీసుకెళ్లండి. తర్వాత బకెట్టు నీళ్లు కొట్టి సబ్బుతో కడగండి, వెనిగర్ నీళ్లలో కలిపి తుడిస్తే వాసన తగ్గుతుంది. ఫినాయిల్ వాడకండి, కాళ్లకంటింది నాకుతుంది. విక్స్, కర్పూరం, వేపనూనె వెనకభాగానికి రాస్తే మగకుక్కలు రావని చెప్పేవాళ్లున్నారు. ఆ లేత చర్మం మండిపోతుంది, కర్పూరం నాకితే ఒంటికి విషం. మగకుక్క ముక్కుని అది ఏమాత్రం ఆపలేదు. తప్పనిసరిగా వీధిలోకి తీసుకెళ్లాల్సొస్తే తెల్లవారుజామున, పొట్టి తాడుతో, పెద్దవాళ్లే వెళ్లాలి. పిల్లల చేతికి తాడు ఇవ్వొద్దు. వీధికుక్కలు గుంపుగా మీద పడితే వాటి మధ్య చెయ్యి పెట్టకండి. కాటు గానీ గోరు గీత గానీ పడితే వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. రేపు వెళ్దాంలే అనకండి.

వీధికుక్క జత కడితే పిల్లలు పుట్టడం ఒక్కటే నష్టం కాదు. మా వైపు నేను తరచు చూసింది మానం దగ్గర పెరిగే కాలీఫ్లవర్ పువ్వు లాంటి గడ్డ. జత కట్టినప్పుడు ఒకదాన్నించి ఒకదానికి అంటుకునే కణితి అది. నెలల తరబడి బొట్లు బొట్లుగా రక్తం కారుతుంటే మళ్లీ ఎద అనుకుని ఊరుకుంటారు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలావాటికి నయమవుతుంది, కానీ ముందు ఎవరో గుర్తుపట్టాలి కదా. ఎద రక్తం మూడు వారాల్లో ఆగాలి, ఆగకపోతే చూపించండి.

బ్రూనో సంగతికొస్తే, వాడు తప్పు చేయడం లేదు, కొట్టకండి. రోజంతా ఏడవడం, గోడలకి మూత్రం పోయడం, తిండి మానేయడం, కాస్త చిక్కిపోవడం ఇవన్నీ మామూలే. ఉడకబెట్టిన కోడిమాంసం, గుడ్డు, పెరుగన్నం చేత్తో పెట్టి చూడండి. నీళ్లు తాగుతుంటే ఒకటి రెండు రోజులు తినకపోయినా గాభరా పడొద్దు, అంతకు మించితే చూపించండి. పంపడం కుదరక ఇంట్లోనే ఉంచితే పెద్దచెరువు గట్టు మీద పొద్దునా సాయంత్రం బాగా నడిపించండి, బుజ్జి తిరిగిన దారిలో మాత్రం కాదు. ఒకసారి జత కట్టనిస్తే నెమ్మదిస్తాడని చెప్పేవాళ్ల మాట వినకండి. దాంతో నెమ్మదించిన కుక్కని నేను చూడలేదు.

అన్నిటికీ మించి ఒకవేళ జరిగిపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. రెండూ ముడిపడి వెనక్కి తిరిగి నిలబడితే లాగకండి, కర్రతో కొట్టకండి, నీళ్లు పోయకండి. మగకుక్క అంగం మొదట్లో ఉబ్బు లోపల బిగుసుకుని ఉంటుంది, లాగితే ఇద్దరికీ చిరిగి రక్తస్రావమవుతుంది. ముడి పడ్డాక విడదీసినా చూలు ఆగదు, వీర్యం అప్పటికే వెళ్లిపోయింది. ఒకరు బుజ్జి తల దగ్గర, ఒకరు బ్రూనో దగ్గర కూర్చుని కదలకుండా, మెల్లగా మాట్లాడుతూ పట్టుకోండి. ఐదు నిమిషాల నుంచి అరగంట పడుతుంది, దానంతటదే విడిపోతుంది. తేదీ రాసుకోండి, మర్నాడే డాక్టరుకి చెప్పండి. మందుల షాపులో దొరికే ఆడవాళ్ల మాత్రలు వేయకండి. పూర్వం చూలు నిలవకుండా ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు, దానివల్ల ఎముక మూలుగు దెబ్బతిని రక్తం తయారవడమే ఆగిపోయిన కుక్కలున్నాయి, గర్భసంచిలో చీము పట్టినవీ ఉన్నాయి. 25 రోజుల తర్వాత స్కానింగ్‌లో చూలు తెలుస్తుంది. వద్దనుకుంటే డాక్టరు చూసి గర్భసంచితో సహా తీసే ఆపరేషన్ చేయగలరు. ఉంచాలనుకుంటే దాదాపు 63 రోజులు.

ఎద ఆగడానికని చెప్పిన ఇంజెక్షన్ కూడా వద్దు. అవి హార్మోన్లు. మొదలైన ఎద మధ్యలో వేయించడం మరీ తప్పు. ఆ ఇంజెక్షన్లు వాడిన ఆడకుక్కల్లో గర్భసంచి చీము, రొమ్ము గడ్డలు ఎక్కువ.

ఆ చీము గురించి మీరు ఇప్పుడే తెలుసుకోవాలి, ఎందుకంటే అది ఎద అయిపోయి, మీరు హమ్మయ్య అనుకున్నాక వస్తుంది. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్కువ. వయసు మళ్లిన వాటికి ఎక్కువగా వస్తుంది గానీ చిన్నవాటికీ వస్తుంది. టెక్కలి వైపు ఒకాయన తన కుక్క గిన్నె మీద గిన్నె నీళ్లు తాగుతోందని, ఎండలకేమో అనుకుని వారం ఊరుకున్నాడు. తెచ్చేసరికి కడుపు ఉబ్బి ఉంది, బయటికి చుక్క చీము లేదు, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. గర్భసంచి మూతి మూసుకుపోయి లోపలే నిండిపోయింది. ఆ రాత్రే పోయింది. అందుకే, ఎద అయిన రెండు నెలల్లో ఎక్కువ నీళ్లు తాగడం, ఎక్కువ మూత్రం, వాంతి, నీరసం, కింద చీములాంటి స్రావం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇదే సమయంలో చూలు లేకపోయినా పాలు రావడం, బొమ్మల్ని పిల్లల్లా మూలకి చేర్చుకోవడం కూడా ఉంటుంది. అది ఉత్త చూలు. రొమ్ములు పిండకండి, పిండేకొద్దీ పాలు వస్తాయి. రెండు మూడు వారాల్లో తగ్గుతుంది.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. ఒక ఈత అయితే ఆరోగ్యం బాగుంటుందన్నది నిజం కాదమ్మా, ఈత వల్ల ఆడకుక్క ఒంటికి కలిగే మేలేమీ లేదు. ముందుగా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సరు ముప్పు తగ్గుతుంది, ఒక్కో ఎద గడిచేకొద్దీ ఆ మేలు తగ్గుతూ పోతుంది. చీము పట్టే భయం ఉండదు. పది నెలల పిల్లకి ఇంకా తన ఒళ్లే పూర్తిగా ఎదగలేదు, దాని కడుపున ఆరేడు పిల్లలు ఎందుకు? ఆ పిల్లలకి మంచి ఇళ్లు ఎవరు వెతుకుతారు? ఆవిడ ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు, కాస్త నెమ్మదిగా చెప్పండి.

ఆపరేషన్ ఇప్పుడు వద్దు. ఎదలో గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ. ఎద అయ్యాక రెండు మూడు నెలలు ఆగి, పాలు ఏమైనా వస్తే అవి ఎండాక చేయించండి. అంటే మీకు సంక్రాంతి దాటాక. మీకు దగ్గర్లోనే చీపురుపల్లి పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి. బ్రూనోకి మూడేళ్లు నిండాయి, ఎముకల ఎదుగుదల అయిపోయింది కాబట్టి వాడి ఆపరేషన్ ఎప్పుడైనా చేయించొచ్చు, ఆడదానికంటే చిన్న కోత, తొందరగా మానుతుంది. బయట ఉంచిన ఈ నాలుగు వారాల్లోనే చేయించేయడం మంచిదని నా అభిప్రాయం. కానీ ఆపరేషన్ అయింది కదా అని మర్నాడే బుజ్జి దగ్గరికి తేకండి. నాళాల్లో మిగిలిన వీర్యంతో నెల, నెలన్నర దాకా చూలు కట్టించగలడు.

ఇవాళ సాయంత్రం దూదితో అద్ది రంగు ఎలా ఉందో, తోక దగ్గర రుద్దితే ఏం చేసిందో రాయండి. బ్రూనోని ఎక్కడికి పంపారో కూడా చెప్పండి. పంపడానికి చోటు దొరక్కపోతే మీ ఇంటి గదుల తీరు వివరంగా రాయండి, ఏ తలుపు ఎప్పుడు మూయాలో కూర్చుని చూద్దాం.